ఇశ్రాయేలు – ఇజ్రాయెల్: తెలుగు క్రైస్తవంలో వాక్యనిష్ఠ, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు బైబిలులోని ‘ఇశ్రాయేలు’, తెలుగు పత్రికల్లోని ‘ఇజ్రాయెల్’ ఒకే హీబ్రూ నామానికి రెండు రూపాలు. మొదటిది పవిత్ర గ్రంథానికి, రెండవది 1948లో ఏర్పడిన రాజ్యానికి చెందినది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి ఆధునిక రాజ్యానికి మద్దతు పలకడమే వాక్యానికి విధేయత అనే అభిప్రాయం క్రైస్తవ ప్రపంచంలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం తెలుగు నేలకు ఏ దారుల్లో వచ్చింది, ఇక్కడి సంఘాల అనుభవంతో అది ఎక్కడ కలిసింది, ఎక్కడ విభేదించింది అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు. వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్, తాండూరు ప్రాంతపు మెథడిస్టు నేపథ్యం, గోదావరి డెల్టా బ్రెదరన్ పరిచర్య, కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిము సమాజం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: ఇశ్రాయేలు, క్రైస్తవ జియోనిజం, మెథడిస్టు సంఘం, దౌల్తాబాద్, బ్రెదరన్, బెనె ఎఫ్రాయిము, దళిత క్రైస్తవం.

1. ప్రవేశిక

ఒక పేరుకు ఎన్ని అర్థాలు ఉండగలవో చెప్పడానికి ‘ఇశ్రాయేలు’ను మించిన ఉదాహరణ అరుదు. ఆదికాండము 32వ అధ్యాయంలో అది యాకోబు అనే ఒక వ్యక్తికి లభించిన పేరు. తరువాత అతని సంతతియైన పన్నెండు గోత్రాల ప్రజకు పేరయింది. సొలొమోను అనంతరం రాజ్యం చీలినప్పుడు ఉత్తర భాగానికి మాత్రమే పరిమితమైంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరీయుల చేతిలో ఆ ఉత్తర రాజ్యం పతనమైన తరువాత, మిగిలిన యూదా జనం తన్ను తాను చెప్పుకొనే పేరుగా నిలిచింది. 1948 మే 14న ప్రకటితమైన రాజ్యం అదే పేరును స్వీకరించింది.

ఇంగ్లీషులో లేని ఒక సౌలభ్యం తెలుగు పాఠకునికి ఉన్నది. ఇంగ్లీషు బైబిలులోను, ఇంగ్లీషు పత్రికలోను ఆ పేరు ఒకే వర్ణక్రమంతో కనిపిస్తుంది. తెలుగులో గ్రంథానిది ‘ఇశ్రాయేలు’, పత్రికది ‘ఇజ్రాయెల్’. గ్రంథంలోని జనులు ‘ఇశ్రాయేలీయులు’, నేటి పౌరులు ‘ఇజ్రాయెలీలు’. ఎవరూ ఉద్దేశించి చేయకపోయినా భాష ఈ భేదాన్ని నిలిపి ఉంచింది. ప్రార్థనలో మొదటి మాట పలికిన నోరే చర్చలో రెండవ మాట పలుకుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని గమనించడమా, చెరిపివేయడమా అన్నదే అసలు సమస్య.

2. దౌల్తాబాద్ ప్రాంతం: చారిత్రక నేపథ్యం

ఇక్కడ చెప్పే దౌల్తాబాద్ మహారాష్ట్రలోని దుర్గనగరం కాదు. కొడంగల్‌కు సమీపాన గల మండల కేంద్రం. కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాజ్యంలో గుల్బర్గా జిల్లాకు చెందినవి. 1956 రాష్ట్రాల పునర్విభజనలో కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాకు, తాండూరు హైదరాబాదు జిల్లాకు వచ్చాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో ఇవన్నీ ఒకచోట చేరాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలు కలిసిన సరిహద్దు సీమ ఇది.

1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమైంది. తాండూరు, ధారూర్, వికారాబాద్ ఆ మార్గంలోని ఊళ్లు. మిషనరీ పరిచర్య కూడ చాలావరకు ఈ రైలుమార్గం వెంటనే విస్తరించింది. మెదక్ ప్రాంతంలో పనిచేసినవారు బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో నిర్మితమై 1924లో ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి వారిది. వికారాబాద్, బీదర్ ప్రాంతాల్లో పనిచేసినవారు అమెరికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘీయులు. మొదటి శాఖ 1947లో దక్షిణ భారత సంఘంలో కలిసింది. రెండవది ఆ ఐక్యతలో చేరక, 1981లో స్వతంత్రమైన భారత మెథడిస్టు సంఘంగా కొనసాగుతున్నది. అందువల్ల ఒకే వెస్లీ సంప్రదాయానికి చెందిన రెండు శాఖలు పొరుగు జిల్లాల్లో వేర్వేరు పరిపాలనల కింద ఉన్నాయి.

ఈ ప్రాంత క్రైస్తవానికి ప్రముఖ చిహ్నం ఏటా నవంబరులో జరిగే ధారూర్ మెథడిస్టు జాతర. కుటుంబాలు తరలివచ్చి, గుడారాలు వేసుకొని, కొన్ని దినాలు అక్కడే వండుకొని తిని, ప్రసంగాలు విని వెళ్తారు. ‘జాతర’ అనే మాట ఈ నేలది. లేవీయకాండము 23లో చెప్పిన పర్ణశాలల పండుగతోను, అమెరికన్ మెథడిస్టుల ఆరుబయటి కూటాలతోను దీనికి పోలిక కనిపిస్తుంది. ఇశ్రాయేలు చరిత్రను తమ జీవితంలోనికి తెచ్చుకోవడానికి ఇక్కడి విశ్వాసులకు యెరూషలేము ప్రయాణం అవసరం కాలేదు; ధారూర్ చాలింది.

హైదరాబాదు రాజ్యానికి పాలస్తీనాతో మరికొన్ని సంబంధాలు కూడ ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతోపాటు 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వికదళ బ్రిగేడులో భాగంగా ఆ రంగానికి వెళ్లారు. 1918 సెప్టెంబరు 23న హైఫాను స్వాధీనం చేసుకొన్నది ఆ బ్రిగేడే. 1920వ దశకంలో అల్-అఖ్సా మసీదు మరమ్మతుల నిమిత్తం యెరూషలేము నుంచి వచ్చిన ప్రతినిధులకు ఏడవ నిజాం విరాళమిచ్చారు. కాబట్టి ఆ నగరం దక్కను ప్రజల్లో ఒక్క మతానికే సంబంధించిన స్మృతి కాదు.

3. పేర్లలో ఇశ్రాయేలు: నిర్గమకథ, దళిత క్రైస్తవం

తెలుగు క్రైస్తవుల్లో అధికులు మాల, మాదిగ కుటుంబాలనుండి సంఘాల్లో చేరినవారి సంతతి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షాన ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘటన ఈ సామూహిక ప్రవాహానికి ప్రసిద్ధ ఉదాహరణ. కరువులు, వెట్టిచాకిరి, అంటరానితనం అనుభవించిన ప్రజలకు ఫరో చెరనుండి విడుదలైన బానిసల కథ దూరపు కథ కాలేదు.

పేర్లే ఇందుకు సాక్ష్యం. యాకోబు, దావీదు, దానియేలు, రూతు, ఎస్తేరు వంటి పేర్లతోపాటు ‘ఇశ్రాయేలు’ అనేదే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో వ్యక్తినామంగా ఉన్నది. ప్రార్థనామందిరాలకు బేతేలు, హెబ్రోను, ఏలీము, షాలేము, సీయోను అని పేర్లు పెట్టుకొన్నారు. ఇంటిపేరుతోను, కులం పేరుతోను పిలిపించుకొని చిన్నబుచ్చబడినవారు గ్రంథంలోని గౌరవనామాన్ని స్వీకరించడం ఒక సామాజిక చర్య కూడ. ఊరి చివరి పేటకు ‘సీయోను’ అని పేరు పెట్టడంలో ఆత్మగౌరవ ప్రకటన ఉన్నది.

1980వ దశకంలో అరవింద్ నిర్మల్ ప్రతిపాదించిన దళిత వేదాంతం ఈ అనుభవానికే సిద్ధాంతరూపం ఇచ్చింది. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుడు తన పితరుని దిక్కులేని సంచారిగా ఒప్పుకొనే విశ్వాసప్రకటనను నిర్మల్ దళితుల చరిత్రకు నమూనాగా తీసుకొన్నారు. ఈ పఠనంలో ‘ఇశ్రాయేలు’ అంటే అణగారిన జనం. దేవుడు విడిపించిన జనం. అది భౌగోళికమైన పేరు కాదు, సైనికబలానికి సంబంధించిన పేరు అంతకన్నా కాదు. తెలుగు క్రైస్తవుడు ఇశ్రాయేలు పట్ల చూపే ప్రేమకు మూలం చాలాచోట్ల ఇదే. ఆధునిక రాజ్యం పట్ల అభిమానం దీనిపైన తరువాత చేరిన పొర.

4. సిద్ధాంతం వచ్చిన దారులు

ఆ రెండవ పొర మూలాలు 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఉన్నాయి. ప్లిమత్ బ్రెదరన్ ఉద్యమానికి చెందిన జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) దైవప్రణాళికను వేర్వేరు యుగాలుగా విభజించి, ఇశ్రాయేలుకు చేసిన భూసంబంధమైన వాగ్దానాలు సంఘానికి బదిలీ కాలేదనీ, అవి అక్షరాలా నెరవేరవలసి ఉన్నాయనీ బోధించాడు. డిస్పెన్సేషనలిజం అని పిలిచే ఈ యుగవిభాగ సిద్ధాంతం 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది.

బ్రెదరన్ ఉద్యమం తెలుగు నేలకు చాలా ముందుగానే వచ్చింది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో 1836లో బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. గమనించవలసిన విషయమేమంటే, అదే 1836లో గ్రోవ్స్ డార్బీకి లేఖ రాసి, అతడు తొలినాటి విశాల సహవాస సూత్రాన్ని విడిచి వేర్పాటు వైపు సాగుతున్నాడని హెచ్చరించాడు. 1848లో ఆ ఉద్యమం రెండుగా చీలింది. గోదావరి మిషను గ్రోవ్స్ ప్రభావం నుంచి పుట్టింది కాబట్టి దానిని డార్బీ వ్యవస్థకు ప్రతిరూపంగా చూడరాదు. అయినా యూదుల పునరాగమనం, క్రీస్తు రెండవ రాకడ వంటి అంశాలపై ఆసక్తి బ్రెదరన్ శాఖలన్నిటిలోను ఉమ్మడిగా ఉండేది. తరువాతి కాలపు పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఆ ఆసక్తిని మరింత విస్తరింపజేశాయి.

బక్త్ సింగ్ (1903–2000) పరిచర్య ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1941లో మద్రాసులో ‘యెహోవా షమ్మా’, తరువాత హైదరాబాదులో ‘హెబ్రోను’ ఆ సహవాసానికి కేంద్రాలయ్యాయి. లేవీయకాండము 23 ఆధారంగా నిర్వహించిన పరిశుద్ధ కూటాలకు వేలమంది వచ్చి, కలిసి నేలమీద కూర్చుని భోజనం చేసేవారు. హీబ్రూ నామాలు, పండుగల నమూనా ఇక్కడ ఆరాధనా క్రమానికి, కులభేదం లేని పంక్తిభోజనానికి ఉపయోగపడ్డాయి. హీబ్రూ పేరు పెట్టుకోవడం, ఒక రాజ్యానికి రాజకీయ మద్దతు ఇవ్వడం ఒకటి కావని చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

మెథడిస్టు సంప్రదాయంలో కూడ ఏకాభిప్రాయం లేదు. జాన్ వెస్లీ 1755 నాటి కొత్త నిబంధన వ్యాఖ్యలో, రోమా పత్రిక 11వ అధ్యాయం ఆధారంగా యూదులు భవిష్యత్తులో క్రీస్తును అంగీకరిస్తారని నిరీక్షించాడు. అది ఆత్మసంబంధమైన నిరీక్షణ. అమెరికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘ సభ్యుడైన విలియం యూజీన్ బ్లాక్‌స్టోన్ మరొక దారి పట్టాడు. 1891లో 413 మంది ప్రముఖుల సంతకాలతో అమెరికా అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్‌కు వినతిపత్రం సమర్పించి, రష్యాలో హింసకు గురవుతున్న యూదులకు పాలస్తీనాను ఇప్పించాలని కోరాడు. థియొడోర్ హెర్‌జల్ 1897లో మొదటి జియోనిస్టు మహాసభ జరపడానికి ఆరేళ్ల ముందటి మాట ఇది. వికారాబాద్ ప్రాంతానికి మిషనరీలను పంపిన సంఘమే బ్లాక్‌స్టోన్‌దీ. కాని బ్లాక్‌స్టోన్ సిద్ధాంతం ఆ సంఘపు అధికారిక విశ్వాససూత్రం కాలేదు. కాబట్టి తాండూరులోనో, దౌల్తాబాద్‌లోనో ఒక మెథడిస్టు కుటుంబం నేడు ఇజ్రాయెల్ కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తే, దానికి మూలాన్ని సంఘసూత్రాల్లో కన్న ఉమ్మడి క్రైస్తవ సాహిత్యంలోను, ప్రసంగాల్లోను వెదకవలసి ఉంటుంది.

5. కొత్తరెడ్డిపాలెం: అక్షరార్థం చివరికంటా

ఇశ్రాయేలుతో తాదాత్మ్యం ఎంతవరకు వెళ్లగలదో గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెం చూపింది. బాప్టిస్టు నేపథ్యం గల మాదిగ కుటుంబాలు కొన్ని, షమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అనే సోదరుల నాయకత్వంలో 1980వ దశకం చివరినుంచి యూదుమతాచారాలను స్వీకరించాయి. తాము పతనమైన ఉత్తర రాజ్యంలోని ఎఫ్రాయిము గోత్రానికి చెందినవారమని చెప్పుకొన్నాయి. ‘బెనె ఎఫ్రాయిము’ అంటే ఎఫ్రాయిము సంతతి. వారికి సొంత సమాజమందిరం ఉన్నది; సబ్బాతు ఆచరణ, హీబ్రూ అధ్యయనం ఉన్నాయి.

యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన గ్రంథంలో ఈ సమాజాన్ని కులం, మతం రెండింటి కోణంనుంచి అధ్యయనం చేశారు. గోమాంస భక్షణం వంటి ఏ ఆచారాల కారణంగా మాదిగలు హీనంగా చూడబడ్డారో, వాటినే పురాతన ఇశ్రాయేలు వారసత్వానికి గురుతులుగా ఈ సమాజం వ్యాఖ్యానించుకొన్నది. కళంకమే వంశచిహ్నమైంది. ‘మేము ఇశ్రాయేలు వంటివారం’ అనే ఉపమానం ‘మేమే ఇశ్రాయేలు’ అనే వాదంగా మారింది.

ఆ మార్పుతో ప్రశ్న కూడ మారింది. ఉపమానానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వంశవాదానికి గుర్తింపు కావాలి. మణిపూర్, మిజోరంలకు చెందిన బ్నెయ్ మెనాషె సమాజాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లొమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించారు. కొత్తరెడ్డిపాలెం వారికి అటువంటి గుర్తింపు రాలేదు. ఇశ్రాయేలు అనే పేరును హృదయపూర్వకంగా స్వీకరించిన తెలుగు ప్రజలకు ఇజ్రాయెల్ అనే రాజ్యం తలుపు తెరవలేదు. ఒక వర్ణక్రమభేదంగా మొదలైన విషయం ఇక్కడ మనుషుల జీవితసమస్యగా కనిపిస్తుంది.

6. రాజ్యనీతి, తీర్థయాత్ర

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజన తీర్మానానికి భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. 1950 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌ను గుర్తించింది. పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు మాత్రం 1992 జనవరిలోగాని ఏర్పడలేదు. ఆ తరువాత రాకపోకలు పెరిగాయి. తెలంగాణ జిల్లాలనుంచి వృద్ధుల సంరక్షణ వంటి పనులకు వెళ్లినవారు, సంఘాలతో కలిసి పరిశుద్ధ దేశయాత్ర చేసినవారు ఆ దేశాన్ని ప్రత్యక్షంగా చూశారు.

2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు వెళ్లే క్రైస్తవులకు ఆర్థిక సహాయం ప్రకటించింది. 2019లో విభజనానంతర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ మొత్తాన్ని, వార్షికాదాయం 3 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి 40 వేలనుంచి 60 వేలకు, అంతకు మించినవారికి 20 వేలనుంచి 30 వేలకు పెంచింది. ఈ విధంగా యాత్ర ప్రభుత్వ సంక్షేమ విధానంలో భాగమయింది.

యాత్రికుడు చూసే ప్రదేశాలు అధికంగా రాళ్లు, గుహలు, మందిరాలు. బేత్లెహేము వెస్ట్‌బ్యాంకులో ఉన్నది. క్రీస్తు జన్మస్థలంగా భావించే ఆలయాన్ని తరతరాలుగా కాపాడుతూ వచ్చినవారిలో అరబ్బీ మాట్లాడే పాలస్తీనా క్రైస్తవులు ఉన్నారు. యాత్ర ముగించి వచ్చినవారి మాటల్లో స్థలాల వర్ణన నిండుగా ఉండి, ఆ స్థలాల్లో నేడు నివసిస్తున్న తోటి విశ్వాసుల ప్రస్తావన లేకపోతే, ఆ యాత్రలో ఒక భాగం చూడకుండా మిగిలిపోయినట్లే.

7. వాక్యనిష్ఠకు కొలమానం

ఇజ్రాయెల్‌కు మద్దతు వాక్యవిధేయతలో భాగమనేవారు ఆదికాండము 12:3ను ప్రధానంగా చూపుతారు. అబ్రాహామును ఆశీర్వదించేవారు ఆశీర్వాదం పొందుతారన్న వాగ్దానం అది. కీర్తన 122లో యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించమన్న పిలుపు, రోమా 9–11 అధ్యాయాల్లో దేవుడు తన ప్రజను విడిచిపెట్టలేదన్న పౌలు వాదం వారికి ఇతర ఆధారాలు. ఈ వాదంలో బలం ఉన్నది. సంఘం ఇశ్రాయేలు స్థానాన్ని పూర్తిగా ఆక్రమించిందన్న బోధ యూరోపులో యూదుల అవమానానికి, హింసకు శతాబ్దాలపాటు తోడ్పడింది. 1965లో రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణదోషాన్ని యూదులందరిపై మోపరాదని ప్రకటించవలసి వచ్చింది. యూదుల పట్ల కృతజ్ఞతను మరచిన క్రైస్తవం తన మూలాన్ని మరచినట్లే. అడవి ఒలీవ కొమ్మ అసలు కొమ్మలను చూచి అతిశయించరాదని పౌలు హెచ్చరించాడు. అంటుకట్టిన మామిడిని ఎరిగిన రైతుకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే అదే గ్రంథం మరికొన్ని మాటలు కూడ చెబుతున్నది. ఆదికాండములోని వాగ్దానం అబ్రాహాముతో చేసినది; దాని చివరి గురి భూమిమీది సమస్త వంశాల ఆశీర్వాదం. గలతీ పత్రిక 3వ అధ్యాయంలో పౌలు ఆ సంతానాన్ని క్రీస్తులో చూచి, క్రీస్తుకు చెందినవారిని అబ్రాహాము వారసులుగా లెక్కించాడు. ద్వితీయోపదేశకాండము 10:19 పరదేశిని ప్రేమించమని ఆజ్ఞాపించి, ఐగుప్తులో తామూ పరదేశులేనని ఇశ్రాయేలీయులకు గుర్తు చేస్తుంది. ఆమోసు 9:7లో ప్రవక్త కూషీయులను, ఫిలిష్తీయులను, సిరియనులను ఇశ్రాయేలు సరసన నిలిపి, దేవుడు వారి చరిత్రను కూడ నడిపించాడంటాడు. యిర్మీయా 7వ అధ్యాయం మందిరాన్ని నమ్ముకొని పరదేశిని, అనాథను, విధవరాలిని బాధించేవారిని గద్దిస్తుంది. ప్రవక్తలు ఇశ్రాయేలును ప్రేమించారు. అందుచేతనే ఇశ్రాయేలు రాజులను విమర్శించారు. విమర్శకు అతీతమైన రాజ్యం బైబిలులో ఒక్కటి కూడ లేదు.

ఈ రెండవ వాదాన్ని బలంగా వినిపించినవారు ఆ నేలమీది క్రైస్తవులే. 2006 ఆగస్టులో యెరూషలేములోని లాటిన్ పాట్రియార్కు మిషెల్ సబ్బాహ్, సిరియన్ ఆర్థొడాక్స్, ఎపిస్కోపల్, లూథరన్ సంఘాధిపతులతో కలిసి, క్రైస్తవ జియోనిజం సువార్తలోని ప్రేమ, న్యాయ సందేశాన్ని వక్రీకరిస్తున్నదని ప్రకటించారు. వారిలో లూథరన్ బిషప్ మునీబ్ యూనాన్ 2010 నుంచి 2017 వరకు ప్రపంచ లూథరన్ సమాఖ్యకు అధ్యక్షుడు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయర్ గుంటూరులో ప్రారంభించిన పరిచర్య ఫలమైన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యసంఘం. అంటే లక్షలాది తెలుగు లూథరనులు సభ్యులుగా గల ప్రపంచ సమాఖ్యకు కొంతకాలం ఒక పాలస్తీనీయుడు నాయకుడు. ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదాన్ని క్రైస్తవులకు, ఇతరులకు మధ్య తగాదాగా చూసే అలవాటును ఈ ఒక్క వాస్తవం సరిదిద్దుతుంది.

2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి, ఆ తరువాతి గాజా యుద్ధం ఈ ప్రశ్నను తెలుగు సంఘాల్లో మళ్లీ ముందుకు తెచ్చాయి. ప్రతి యుద్ధాన్నీ ప్రవచన నెరవేర్పుగా లెక్కించే వ్యాఖ్యానానికి ఒక ప్రమాదం ఉన్నది. అందులో చనిపోయిన యూదుడూ, చనిపోయిన పాలస్తీనీయుడూ మనుషులుగా కాక కాలపట్టికలోని గుర్తులుగా మిగిలిపోతారు. ఆ సిద్ధాంతపు కొన్ని రూపాల్లో యూదుల భవిష్యత్తు కూడ మహాశ్రమలతోనే ముడిపడి ఉన్నది. కాబట్టి అది యూదులపట్ల నిజమైన ప్రేమేనా అనే సందేహాన్ని యూదు ఆలోచనాపరులు కూడ వ్యక్తం చేశారు.

8. ఉపసంహారం

పై పరిశీలన వలన తేలిన అంశాలు మూడు. ఒకటి, తెలుగు క్రైస్తవంలో ఇశ్రాయేలు పట్ల ఉన్న ఆత్మీయత ఆధునిక రాజ్యం కన్న పాతది. దాని వేళ్లు నిర్గమకథలోను, అంటరానితనం నుంచి విడుదల కోరిన ప్రజల అనుభవంలోను ఉన్నాయి. రెండు, ఆ ఆత్మీయతను రాజకీయ మద్దతుగా మార్చిన సిద్ధాంతం 19వ శతాబ్దంలో రూపొందినది. తెలుగు నేలపై పనిచేసిన మిషన్ల మధ్య దాని విషయంలో ఏకాభిప్రాయం లేదు. మూడు, పేరును వంశంగా భావించిన కొత్తరెడ్డిపాలెం అనుభవం, గ్రంథంలోని ఇశ్రాయేలుకు, పటంలోని ఇజ్రాయెల్‌కు మధ్య ఉన్న దూరాన్ని స్పష్టపరచింది.

యూదు జనం క్షేమాన్ని కోరడం, వారిపై ద్వేషాన్ని నిరాకరించడం వాక్యం కోరేదే. ఒక ప్రభుత్వ చర్యలన్నిటినీ సమర్థించడం వాక్యం కోరేది కాదు. ఐగుప్తులోని బానిసల మొరను తమ మొరగా విని ఇశ్రాయేలు అనే పేరును బిడ్డలకు పెట్టుకొన్న ప్రజలకు ఈ భేదం కొత్తది కాదు. ఏ దేశంలోనైనా మొరపెట్టేవారు ఎవరో గుర్తించే అర్హత ఆ చరిత్రే వారికి ఇచ్చింది. తెలుగు భాష రెండు రూపాలుగా నిలిపి ఉంచిన ఆ పేరును రెండు రూపాలుగానే చదవడం వాక్యనిష్ఠకు తొలి మెట్టు.